సూదిమందునకు చలువ ఎంత?



నేటి ప్రసంగమునకు నేను ఎన్నుకొన్న విషయము మీకు క్రొత్తది కాదు. మీ ఇండ్లలోనికిని, మీ ఊరి ఆరోగ్యకేంద్రములోనికిని నిత్యము వచ్చుచున్న చిన్న గాజుబుడ్డి, అందులోని సూదిమందు, దానిని కూర్చు విధము, దానిని చెడకుండ చేర్చు విధము - ఇంతే నేను చెప్పబోవునది. మందుల కూర్పులో నేను కొన్నియేండ్లు పనిచేసినవాడను. అయినను ఈ విషయమున గట్టి పాఠము నాకు కర్మాగారమున దొరకలేదు. మా మేనమామగారి వంటయింటిలో దొరకినది. ముందుగా దానిని చెప్పి తరువాత శాస్త్రములోనికి పోయెదను.

2018వ సంవత్సరపు వేసవిలో మా మేనమామగారు సూర్యాపేట దాపునగల తమ గ్రామమునుండి హైదరాబాదునకు వచ్చిరి. ఆయనకు చక్కెరవ్యాధి. మాత్రలకు లొంగకపోగా వైద్యులు ఇన్సులిన్ సూదిమందు వ్రాసియిచ్చిరి. పంజగుట్టలో ఒక దుకాణమున రెండు బుడ్లు కొని, చల్లని పెట్టెలో కట్టించి, నేనే ఆయనను బస్సెక్కించితిని. "మామయ్యా, దీనిని చల్లగా ఉంచవలెను సుమా! వేడి తగిలినచో పనికిరాదు" అని రెండుమార్లు చెప్పితిని. ఆయన చెప్పినమాట జవదాటువారు కారు. ఇంటికి పోయి, ఫ్రిజ్జులో అన్నిటికంటె చల్లనిచోటు ఏదియో విచారించి, మంచుగడ్డలు కట్టెడి పై అరలో ఒక బుడ్డిని ఉంచిరి. అక్కడ చోటు చాలనందున రెండవదానిని అత్తయ్యగారు క్రింద కూరగాయల ప్రక్కన సర్దిరి.

పై అరలోని మందు రాత్రి గడ్డకట్టెడిది. ప్రొద్దుట దానిని అరచేతిలో కరగించుకొని ఆయన సూది వేసికొనెడివారు. పదిదినములు గడచునప్పటికి రక్తములోని చక్కెర తగ్గుటకు బదులు హెచ్చెను. అక్కడ చూచుచున్న వైద్యుడు వ్యాధి ముదిరినదని తలచి మోతాదు పెంచెను. తగ్గకపోగా మరల పెంచెను. అంతలో ఆ బుడ్డి అయిపోవచ్చినది, రెండవది తెరచిరి. అది చెడని మందు. పెంచిన మోతాదు చెడని మందునందు పడెను. మరునాటి వేకువను ఆయనకు ఒడలెల్ల చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడెను. అత్తయ్యగారు ధైర్యము గలవారు. మనిషికి మ్రింగునంత తెలివి ఇంకను ఉండగనే బెల్లపు నీరు త్రాగించి ఆయనను దక్కించుకొనిరి.

వార్త విని నేను పరుగున పోయితిని. మొదటి బుడ్డి అడుగున మిగిలిన మందును వెలుతురునకు పట్టి చూడగా, అందులో తెల్లని రవ్వలు తేలుచుండెను; గాజుగోడకు మంచు పట్టినట్లు ఏదో అంటుకొని యుండెను. "ఇది గడ్డకట్టినదా మామయ్యా?" అని అడిగితిని. "చల్లగా ఉంచుమంటివి గదా అల్లుడా! ఇంటిలో అంతకంటె చల్లనిచోటు లేదు" అనిరి. ఆయన తప్పేమియు లేదు. 'గడ్డకట్టనీయవద్దు' అను ఒక్కమాట నేను చెప్పలేదు. ఆ వృత్తిలోని వాడనై యుండియు చెప్పలేదు.

ఇట్టి మందులు వేడికి చెడునని లోకమందరికి తెలియును. మంచునకును చెడునని ఎరిగినవారు తక్కువ. ఎందుచేత చెడునో తెలియవలెనన్నచో, ఇవి ఏ పదార్థముతో చేయబడినవో మొదట చూడవలెను.

తలనొప్పికి మ్రింగు మాత్రలోని మందు చిన్న అణువు. కొన్ని పరమాణువుల కూడిక. ఇన్సులిన్ అట్టిది కాదు. అది మాంసకృత్తు. పేరునుబట్టి మాంసమునందే ఉండునని తలంపరాదు. కందిపప్పునందును, పాలయందును, కోడిగ్రుడ్డునందును ఉన్నది అదియే. మాంసకృత్తు అనగా అమైనో ఆమ్లములను పూసలు గ్రుచ్చిన దండ. ఇన్సులిన్ మాంసకృత్తులలో చిన్నది. దానియందు 21 పూసల పేట ఒకటి, 30 పూసల పేట ఒకటి, మొత్తము 51 పూసలు. ఈ దండ ఊరక వ్రేలాడుచుండదు. ఒక నియమము ప్రకారము మడతలుపడి, ముడుచుకొని, తాళపుచెవివలె ఒక ఆకారమును పొందును. శరీరములో దానికి తగిన తాళమునందు దూరి పనిచేయునది ఆ ఆకారమే. పూసలన్నియు ఉండియు మడత విడిపోయినచో మందు లేనట్లే.

దీనికి ఉదాహరణము మీ పొయ్యిమీదనే ఉన్నది. పచ్చి గ్రుడ్డులోని తెల్లసొన నీరువలె పారదర్శకముగా ఉండును. ఉడికించినచో తెల్లబడి గట్టిపడును. అందులోని పూసలు ఎచ్చటికిని పోలేదు. మడతలు విడిపోయి ఒకదానితో ఒకటి చిక్కుపడినవి, అంతే. చల్లార్చినంతమాత్రమున అది మరల పచ్చిసొన కాదు గదా! ఎండలో నిలిపిన బస్సు అద్దముచెంత పెట్టిన సూదిమందునకు జరుగునది ఇంచుమించు ఇదియే. కాని గ్రుడ్డు ఉడికినచో కంటికి కనబడును. మందు చెడినచో తరచు కనబడదు.

వీనిని మాత్రగా చేసి మ్రింగరాదా అని మీలో కొందరికి తోచవచ్చును. మన కడుపు పప్పును గ్రుడ్డును ఎట్లు జీర్ణించుకొనునో ఇన్సులిన్‌ను కూడ అట్లే జీర్ణించుకొనును. అందుచేతనే సూది తప్పనిదైనది. 1921లో కెనడాదేశమున టొరాంటో నగరమందు బాంటింగు, బెస్టు అనువారు జంతువుల క్లోమమునుండి ఇన్సులిన్‌ను వేరుచేయగా, 1922 జనవరిలో మొట్టమొదట ఒక బాలునికి సూదిగనే ఇచ్చిరి. చాలకాలము అది పశువుల, పందుల క్లోమములనుండియే వచ్చెడిది. ఇప్పుడు మానవుని ఇన్సులిన్‌నకు కావలసిన సూత్రమును సూక్ష్మజీవులలో చొప్పించి, వానిచేత చేయించుచున్నారు. 1982లో అట్టిది మొదటిసారి అంగడికి వచ్చినది.

ఇక మన హైదరాబాదు సంగతికి వచ్చెదను. అమీరుపేట, పంజగుట్ట అను పేటలు ప్రక్కప్రక్కన ఉన్నవి. మెట్రో రైలులో ఒక్క మజిలీ దూరము. అమీరుపేటలో కంప్యూటరు చదువులు చెప్పు బడుల పలకలు మేడలను కప్పివేసినవి. పంజగుట్టలో నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ ఉన్నది. జనులు నిమ్స్ అందురు. నేను చెప్పు మందుల చరిత్రలో రెండు ముఖ్యఘట్టములు ఈ రెండు పేటలను తాకినవే.

మొదటిది అమీరుపేటది. తాడేపల్లిలో పసుపు పండించిన రైతు కుమారుడగు అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ అను మందుల సంస్థను స్థాపించిరి. దాని ప్రధాన కార్యాలయము అనేక సంవత్సరములు అమీరుపేటయందే ఉండెను. తరువాత బంజారాహిల్సునకు పోయినది. ఆ సంస్థ 2007లో రెడిటక్సు అను మందును విడుదల చేసినది. రక్తమునకు సంబంధించిన ఒకజాతి క్యాన్సరునకు పనికివచ్చు రిటుక్సిమాబ్ అను మాంసకృత్తునకు అది ప్రతిరూపము. విదేశపు మూలమందు వెల సామాన్యునకు అందనిది కాగా, దీనిని ఎంతో తగ్గించి అమ్మిరి.

ఇచ్చట 'ప్రతిరూపము' అను మాటను జాగ్రత్తగా వాడుచున్నాను. మాత్రలోని చిన్న అణువును ఎవరు చేసినను అచ్చు ఒకటిగనే ఉండును. రిటుక్సిమాబ్ అట్లు కాదు. దానియందు వేయికి మించిన పూసలు కలవు. అది కుండలో కాగి తయారగునది కాదు, చైనాదేశపు చిట్టెలుకనుండి ఎన్నడో తీసి పెంచుచు వచ్చిన జీవకణములు దానిని చేసిపెట్టును. పాలొకటే యైనను, తోడు మారినచో, వేడి మారినచో పెరుగు రుచి మారును గదా! అట్లే కణము, మేత, వేడిమి, గాలి కొంచెము మారినను మందు కొంచెము మారును. కావున ఇట్టి ప్రతిరూపమును 'అదే' అనక 'దానిని పోలినది' అనవలెను. ఆ పోలిక సరియైనదేనని మరల రోగులయందు పరీక్షించి చూపవలెను. రిటుక్సిమాబ్‌నకు లోకమున మొదటి ప్రతిరూపము తెచ్చినవారు అమీరుపేటలో కూర్చున్న తెలుగువారని చెప్పుటకు నాకు కొంత గర్వముగనే ఉన్నది, మన్నింతురుగాక.

మాంసకృత్తును చేయుట సగము పని. దానిని బుడ్డిలో బ్రదికించి ఉంచుట మిగిలిన సగము. దీనినే మేము కూర్పు అందుము. ఉత్తనీటిలో వేసిన మాంసకృత్తు ఎక్కువకాలము నిలువదు. పులుపు పెరుగకుండ, తగ్గకుండ కొన్ని లవణములు వేయుదురు. సూది వేసినచోట మంట పుట్టకుండ, రక్తమునందు ఎంత ఉప్పదనము ఉన్నదో అంత ఉప్పదనమును కల్పింతురు. కొన్నిటిలో పంచదార చేర్తురు. అది మాంసకృత్తు మడత విడకుండ కాపాడును. కొన్నిటిలో సబ్బుజాతి పదార్థమును లవలేశము కలుపుదురు; గాజునకు అంటుకొనకుండుటకును, నురుగు పుట్టినచోట మడత విడకుండుటకును అది పనికివచ్చును. ఈ మందులను కుదిపి కుదిపి నురుగు తెప్పించరాదని వైద్యులు చెప్పుటకు కారణమిదియే.

ఇన్సులిన్ కూర్పులో ఒక చమత్కారము కలదు. దానికి కొంచెము యశదము, అనగా జింకు చేర్చినచో, ఆరేసి అణువులు ఒక గుంపుగా కూడుకొని భద్రముగా ఉండును. 1930 ప్రాంతములనుండి డెన్మార్కుదేశమున హాగెడోర్న్ అను వైద్యుడును ఆయన సహచరులును చేపనుండి తీసిన ప్రోటమైన్ అను మరియొక మాంసకృత్తును దీనికి జతచేసిరి. అప్పుడు ఇన్సులిన్ సన్నని తెల్లని రవ్వగా మారి, చర్మము క్రింద మెల్లమెల్లగా కరగుచు దినమంత పనిచేయును. మీ ఇండ్లలో పాలవలె మబ్బుగా కనబడు ఇన్సులిన్ ఇట్టిదే. సూదిలోనికి ఎక్కించుటకు ముందు బుడ్డిని రెండు అరచేతులనడుమ మెల్లగా దొర్లించవలెను. అప్పుడు రవ్వ సమముగా కలియును. గడ్డకట్టి కరగినచో ఆ సన్నని రవ్వ ముద్దలు కట్టును. తరువాత ఎంత దొర్లించినను సమముగా కలియదు. సూదిలోనికి ఎంత మందు వచ్చెనో, ఎంత రాలేదో ఎవరికిని తెలియదు. మా మేనమామగారికి జరిగినది ఇదియే.

రెండవ ఘట్టము పంజగుట్టది. 2020లో కరోనా వ్యాధి ప్రబలిన దినములు మీకు జ్ఞాపకమే. హైదరాబాదునకు వెలుపల శామీర్‌పేట వైపుననున్న భారత్ బయోటెక్ సంస్థ, పుణే నగరపు జాతీయ వైరస్ పరిశోధనాలయము వేరుచేసిన వైరసును పెంచి, దానిని రసాయనముతో చంపి, కోవాక్సిన్ అను టీకామందును చేసినది. చచ్చిన వైరసు వ్యాధిని కలిగించదు. దాని ఒంటిమీది మాంసకృత్తులను చూచి మన శరీరము శత్రువు ఆనవాలు పట్టును. ఆ టీకామందును మొట్టమొదట మనుష్యులకు వేసి చూచుట ఆ సంవత్సరము జూలై నెలలో దేశమునందలి 11 వైద్యశాలలలో జరిగినది. వానిలో పంజగుట్ట నిమ్స్ ఒకటి. 375 మంది ఆరోగ్యవంతులు తామై ముందుకు వచ్చి చేయి చాపిరి.

ఆ పరీక్షలో టీకా పనిచేయునా లేదా అను ప్రశ్న ఒక్కటియే కాదు. ఏ కూర్పు మేలు అను ప్రశ్నయు ఉండెను. 100 మందికి 3 మైక్రోగ్రాముల వైరసు పదార్థము, 100 మందికి 6 మైక్రోగ్రాములు - ఈ రెండును ఒక క్రొత్త తోడుపదార్థముతో. మరి 100 మందికి 6 మైక్రోగ్రాములు పాతతోడుతో. మిగిలిన 75 మందికి వైరసు లేక తోడు మాత్రమే. 6 మైక్రోగ్రాములనగా ఎంతో ఊహింపుడు: సన్న ఉప్పురవ్వ ఒకదానిని పదిభాగములు చేసినచో అందులో ఒకటి. అంత స్వల్పమైనదానిని చూచి శరీరము మేల్కొనవలెనన్నచో తోడు కావలెను.

ఆ పాతతోడు ఏదియో వినినచో మీరు ఆశ్చర్యపడుదురు. అది మీ ఇంటి పటికకు చుట్టము. ఏటి బురదనీటిలో పటిక త్రిప్పుదురు గదా. అప్పుడు నీటిలో అల్యూమినియం హైడ్రాక్సైడు అను మెత్తని జిగురువంటి తునకలు పుట్టి, బురదను పట్టుకొని అడుగునకు దిగును. ఆ తునకలే మాంసకృత్తునుగూడ పట్టుకొనును. 1926లో గ్లెన్నీ అను శాస్త్రజ్ఞుడు డిఫ్తీరియా టీకాపదార్థమును పటికతో పేరబెట్టి ఇచ్చినచో రక్షణ మిక్కిలి హెచ్చునని కనుగొనెను. నాటినుండి నేటివరకు పటికజాతి తోడు టీకామందులలో నిలిచియున్నది. కోవాక్సిన్‌లోని క్రొత్తతోడు ఈ జిగురుమీదనే, శరీరపు కావలికణములను తట్టిలేపు ఒక చిన్న అణువును అతికించినది. అమెరికాలోని కాన్సాసులో రూపొందిన ఆ అణువు కలిసిన కూర్పునకే పరీక్షలలో మొగ్గు కనబడెను. తుదకు 6 మైక్రోగ్రాముల మోతాదును, 28 దినముల ఎడముతో రెండు సూదులను నిర్ణయించిరి.

దానికి 2021 జనవరి 3న అత్యవసరపు అనుమతి లభించినది. 25,798 మందితో సాగుచుండిన పెద్దపరీక్ష ఫలితములు చేతికి రాకమునుపే అనుమతి ఇచ్చుట తగదని అనేకులు పలికిరి. ఆ మాటలో న్యాయము కలదని నా అభిప్రాయము. ఫలితములు ఆ తరువాత వచ్చి, టీకాబలము నూటికి 77.8 పాళ్లుగా తేలినది. మందు మంచిదగుట వేరు, దానిని ముందే నిరూపించుట వేరు.

ఇప్పుడు మంచు సంగతి మరల ఎత్తెదను. పటికజాతి తోడు కలిసిన టీకామందు గడ్డకట్టినచో, నీరు సూదులవంటి మంచుపలుకులుగా మారుచు ఆ మెత్తని జిగురును ప్రక్కలకు నెట్టి అదిమివేయును. కరగిన తరువాత ఆ తునకలు విడిపోవు. పెద్ద పెచ్చులుగా మిగిలిపోవును. ఫ్రిజ్జు పై అరలో మరచిన పెరుగు కరగిన తరువాత నీరు వేరు, ముద్ద వేరు అగుటను చూచియుందురు, కొంతవరకు అట్టిదే. చిలికినను మరల మునుపటి పెరుగు కాదు. పసిపిల్లలకు వేయు ఐదువ్యాధుల టీకా, కామెర్ల టీకా, ధనుర్వాతపు టీకా, బాలికలకు వేయు గర్భాశయముఖపు క్యాన్సరు టీకా - ఇవన్నియు ఇట్టి తోడుగలవే. ఒకసారి గడ్డకట్టినచో వీని బలము తగ్గును, తిరిగి రాదు. సూది పడును, పిల్ల ఏడ్చును, చీటీమీద గుర్తు పడును. రక్షణ మాత్రము కలుగకపోవచ్చును. ఆ సంగతి వ్యాధి వచ్చిననాటికి గాని తల్లికి తెలియదు.

మరి చలువ ఎంత హెచ్చినచో అంత మేలను భావము జనులకు ఎట్లు కలిగెను? పోలియో చుక్కలవలన కలిగినదని నేను తలచెదను. ఆ చుక్కలలో ఉన్నది బ్రదికియున్న, బలహీనపరచిన వైరసు, తోడు లేదు. దానికి గడ్డకట్టుట హాని కాదు, మీదుమిక్కిలి మేలు. 2014 మార్చిలో మనదేశమును పోలియో లేనిదిగా ప్రకటించువరకు ఇరువదియేండ్లు ఊరూర ఆదివారములందు మంచుపెట్టెలు మోసితిమి. అప్పటి మంచి అలవాటు వేరుజాతి మందునకు కీడైనది.

చల్లనిపెట్టెలు లేని కాలమున టీకామందును మోసిన విధము వినదగినది. మశూచికమునకు టీకాను 1796లో ఇంగ్లాండున జెన్నరు కనుగొనెను. దాని రసమును ఓడలలో మనదేశమునకు పంపగా దారిలో వేడికి చెడిపోయెడిది. తుదకు ఒకరికి టీకా వేసి, ఆ పొక్కునుండి రసము తీసి మరియొకరికి వేయుచు, చేతినుండి చేతికి దాటించుచు తెచ్చిరి. బాగ్దాదు, బస్రాల మీదుగా అట్లు వచ్చిన రసమును 1802 జూన్ 14న బొంబాయిలో ఆన్నా డస్ట్‌హాల్ అను మూడేండ్ల బాలికకు వేసిరి. మనదేశమున టీకా పొందిన మొదటివ్యక్తి ఆ బిడ్డయే. ఆమె చేతినుండి తీసిన రసమే ఇతరులకు పోయినది. బిడ్డల చేతులే నాటి మందుబుడ్లు!

ఈ కష్టము తీరుటకు నూటయేబదియేండ్లు పట్టినది. 1950 దాటిన తరువాత కోలియరు అను ఆయన మశూచికపు టీకామందును గడ్డకట్టించి, గాలిలేని పాత్రలో మంచును ఆవిరిగా లాగివేసి, పొడిగా చేయు పద్ధతిని బాగుచేసెను. నీరు లేనిచోట మడత విడుట కష్టము. పొడి వేడికి ఓర్చుకొనును. మీలో పెద్దవారి జబ్బమీద గుండ్రని మచ్చగా నిలిచినది ఆ మందే. మనదేశమున మశూచికము 1975తో అంతరించినది.

తట్టు టీకా నేటికిని ఇట్టి పొడియే. వేయుటకు ముందు దానికని వచ్చిన ద్రవముతో కలుపుదురు. కలిపిన తరువాత 4 గంటలకు మించి వాడరాదు. ఎంత మిగిలినను పారవేయవలసినదే. నర్సమ్మ సగము బుడ్డిని పారబోయుచున్నదని కోపింపకుడు. మలేరియా టీకాలలో మొదట ఆమోదము పొందినదియు రెండు బుడ్లలోనే వచ్చును: ఒకదానిలో మాంసకృత్తుపొడి, మరియొకదానిలో తోడుద్రవము. 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని సిఫారసు చేసినది. అందలి మాంసకృత్తును చేయుటకు హైదరాబాదు సంస్థతో అదే సంవత్సరము ఒప్పందము కుదిరినది. అమీరుపేటకు ఇరుగుననున్న బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెనని తెలిసినవారికి ఈ వార్త వేరొక రుచి కలిగియుండును.

ఇక మందు మీ ఊరికి వచ్చు దారి. కర్మాగారమునుండి రాష్ట్రపు నిల్వగదికి, అక్కడనుండి జిల్లాకు, జిల్లానుండి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు, కేంద్రమునుండి భుజమున వ్రేలాడు పెట్టెలో మీ అంగనవాడికి. అంతట 2 డిగ్రీలకు తగ్గక, 8 డిగ్రీలకు మించక ఉండవలెను. ఆరోగ్యకేంద్రమునందు గోడలలో మంచునీరు పేర్చిన ఫ్రిజ్జు ఉండును. కరెంటు పోయినను కొంతసేపు చలువ నిలుపును. మూత పైకి తెరచు ఆ పెట్టెలో అడుగు మిక్కిలి చల్లన గనుక పటికజాతి టీకాలను అడుగున పెట్టరు. తలుపు మాటిమాటికి తెరువరాదు. మంచినీళ్లసీసాలు, పూలు అందులో ఉంచరాదు. ఇది చెప్పుటకు నవ్వు వచ్చును గాని, చూచినవాడను గనుక చెప్పుచున్నాను.

భుజపు పెట్టెలో నాలుగు ఐసు ప్యాకులు పెట్టుదురు. వానిని గడ్డపెట్టెలోనుండి తీసిన వెంటనే పెట్టినచో, తాకిన బుడ్డి గడ్డకట్టును. కొంతసేపు బయట ఉంచి, చెవిదగ్గర ఆడించినప్పుడు లోపల నీరు కదలు సవ్వడి వినబడిన తరువాతనే పేర్చవలెను. ఈ చిన్నపనికి యంత్రమక్కరలేదు, చెవి చాలును.

ప్రభుత్వపు టీకాబుడ్డిమీద ఒక గుర్తు ఉండును: రంగు వలయము, దానిలోపల చిన్న చదరము. లోపలి చదరము చుట్టునున్న వలయముకంటె తెల్లగా ఉన్నంతకాలము మందు వేడికి చెడలేదని అర్థము. రెండును ఒకే రంగైనను, చదరము మరింత నల్లబడినను వాడరాదు. అయితే ఈ గుర్తు వేడిని మాత్రమే చెప్పును. గడ్డకట్టినదా లేదా అన్నది చెప్పదు. దానికి వేరొక పరీక్ష కలదు. అనుమానపు బుడ్డిని, అదే కూర్పులో బుద్ధిపూర్వకముగా గడ్డకట్టించి కరగించిన మరియొక బుడ్డిని, రెండింటిని కలిపి కుదిపి, ప్రక్కప్రక్కన నిలువబెట్టుదురు. గడ్డకట్టినదానిలో పెచ్చులు వడిగా అడుగునకు దిగి, పైన తేటనీరు నిలుచును. అనుమానపుదియు అంతే వడిగా దిగినచో దానిని వాడరు.

ఇండ్లలో ఇన్సులిన్ వాడువారికి మూడుమాటలు. వాడక నిల్వయున్న బుడ్డిని ఫ్రిజ్జు మధ్య అరలోనో తలుపునందో ఉంచుడు. మంచు అరకు ఆనింపకుడు. ఫ్రిజ్జు లేనివారు మూతగల డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో నీడపట్టున ఉంచవచ్చును; పొడిగాలి వీచు వేసవిలో ఇది బాగుగ పనిచేయును, వానకాలపు ఉక్కలో అంత పనిచేయదు. తెరచిన బుడ్డి సాధారణముగా నాలుగువారములు వచ్చును గనుక తెరచిన తేదీని దానిమీద వ్రాసికొనుడు. మూడవమాట సూదిని గూర్చినది. మనదేశమున మిల్లీలీటరునకు 40 యూనిట్ల మందును, 100 యూనిట్ల మందును కలవు. 40కి ఎర్రమూత సూది, 100కి నారింజమూత సూది. 100 మందును ఎర్రమూత సూదితో తీసినచో రెండున్నర రెట్లు లోపలికి పోవును. అది ప్రాణమునకే ముప్పు. బుడ్డిమీది అంకెను సూదిమీది అంకెతో పోల్చిచూడక వేసికొనకుడు. మరియు చక్కెర కారణములేక హెచ్చుచున్నచో, మోతాదు పెంచుటకు ముందు ఆ బుడ్డిని వైద్యునకు చూపి, అది ఎక్కడ ఉంచబడినదో చెప్పుడు.

మా మేనమామగారికి ఇప్పుడు ఎనుబది దాటినవి. ఇన్సులిన్ బుడ్డి తలుపు అరలో, అత్తయ్యగారి మల్లెపూల పొట్లము ప్రక్కన ఉన్నది. వారి ఊరిలో టీకాలు వేయుదినమున నర్సమ్మ పెట్టెను ఆయన అరుగుమీదనే దించును. దించగానే ఆయన మూత తీయించి, ఒక ఐసు ప్యాకును పైకెత్తి, చెవిదగ్గర ఆడించి వినును. నీటి సవ్వడి లేకున్న, "ఒక్క పావుగంట కూర్చో అమ్మా, మజ్జిగ త్రాగుదువు" అని ఆపివేయును. మొదట ఆమె విసుగుకొనెడిదట. ఇప్పుడు తానే ముందుగా ఆడించి వినిపించి, ఆ తరువాత పెట్టె దించుచున్నదని అత్తయ్యగారు చెప్పిరి.